లేని దేశానికి తెలిసిన దారులు

బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటలో పాచికలకన్నా, కత్తులకన్నా అక్కరకు వచ్చేది ఒకటున్నది: ఆ కథ జరిగే లోకాన్ని గురించిన ఎరుక.

మీరొక ఎడారి అంచున నడుస్తున్నారనుకోండి. దూరంగా ధూళి లేచింది. ఏదో మంద వస్తున్నది. దగ్గరపడిన తర్వాత చూస్తే అవి ఆవులు కావు, గొర్రెలు కావు, మనుషులు! ఒంటి మీద నూలుపోగైనా లేని స్త్రీపురుషులు తలలు వంచుకుని గడ్డి మేస్తూ కదులుతున్నారు. వారిని తోలుకువస్తున్నవి టేపిర్ అనే పొడుగు ముక్కు అడవి జంతువును పోలిన ప్రాణులు. అవి తమలో తాము మాట్లాడుకుంటున్నాయి. మీ నడుమున కత్తి ఉన్నది. వెంట నలుగురు మిత్రులున్నారు. ఏం చేస్తారు?

ఆ లోకానికి కొత్తగా వచ్చినవారు వెంటనే కత్తి దూస్తారు. బానిసలను విడిపించడం వీరధర్మం కదా! ఆ లోకం తెలిసినవారు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. వారికి ఒక పాత కథ గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు మహాతమస్సు కమ్మి ఆ నేల మీద పచ్చదనమంతా మాడిపోయింది. మనుషులకూ జంతువులకూ చాలినంత తిండి లేకపోయింది. అప్పుడు వాహా అనే దేవుడు ఒక ఒడంబడిక చేశాడు. ఒక్కొక్క తెగ మనుషులకూ ఒక్కొక్క జంతుజాతికీ మధ్య పోటీ. గెలిచినవారు బుద్ధిని నిలుపుకుని కాపరులవుతారు. ఓడినవారు బుద్ధిని కోల్పోయి గడ్డి మేస్తారు. అంతటా మనుషులే గెలిచారు, ఒక్కచోట తప్ప. అక్కడ గెలిచిన జంతుజాతి పేరు మోరోకాంత్. వారి మందలో మేస్తున్నవి ఆకారంలో మాత్రమే మనుషులు. తరతరాలుగా బుద్ధీ భాషా లేని పశువులు. కట్లు విప్పి వదిలినా అవి మళ్ళీ గడ్డినే వెతుక్కుంటాయి.

కథ అక్కడితో ఆగితే చిక్కే లేదు. కానీ మోరోకాంత్‌లు తమకు పట్టుబడిన నిజమైన మనుషులను కూడా మంత్రబలంతో బుద్ధిహీనులను చేసి మందలో కలుపుతారని ఆ ఎడారిలో ఒక వదంతి ఉన్నది. మందలో ఒక ముసలివాడు మేత మాని, తలెత్తి మీవైపు చూశాడు. అతడు పశువా, మనిషా?

లోకం తెలియనివారికి అది ఒక చిన్న పోరాటం. తెలిసినవారికి అది తేలని ధర్మసందేహం. ఆటలో నిజమైన రసం ఆ సందేహంలోనే ఉన్నది.

ఈ ఎడారి పేరు ప్రాక్స్. అది గ్లోరాంతా అనే కల్పిత జగత్తులో ఒక మూల. యాభై ఏళ్ళుగా వేలాదిమంది కాగితం, పెన్సిలు, పాచికలు ముందు పెట్టుకుని ఇటువంటి జగత్తులలో విహరిస్తున్నారు. ఈ ఆటనే రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మన మాటల్లో చెప్పుకుంటే పాత్రధారణ క్రీడ.

సూత్రధారి, పాత్రధారులు, పాచికలు

ఈ ఆటను చూడనివారికి రెండు మాటల్లో చెప్పవలసి ఉన్నది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు: యోధుడో, వైద్యురాలో, దొంగో, మంత్రవేత్తో. సూత్రధారి సన్నివేశాన్ని వర్ణిస్తాడు. తమ పాత్రలు ఏమంటాయో, ఏం చేస్తాయో ఆటగాళ్ళు చెబుతారు. ఫలితం ఎటు తిరుగుతుందో తెలియని చోట పాచిక వేస్తారు. ముందుగా రాసి పెట్టుకున్న సంభాషణలు లేవు, రంగస్థలం లేదు, ప్రేక్షకులూ లేరు. కథ అక్కడికక్కడే పుడుతుంది.

1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి ఇటువంటి ఆట తొలిసారి అచ్చులో వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దానిని రూపొందించారు. పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. 2024లో ఆ ఆటకు యాభై ఏళ్ళు నిండినప్పుడు అమెరికా తపాలా శాఖ ప్రత్యేక స్టాంపులు విడుదల చేసింది.

తొలినాళ్ళ ఆటలో అధికభాగం నేలమాళిగలు, అందులోని వింత మృగాలు, వాటిని చంపితే దొరికే నిధులు. నేలమాళిగకు బయట ఏ దేశమున్నది, అక్కడివారు దేనికి సిగ్గుపడతారు, దేనికి గర్విస్తారు అని అడగవలసిన అవసరం చాలామందికి కలుగలేదు. ఆ ప్రశ్న అడిగినవారు కొందరున్నారు. వారి చేతిలో ఆట వేరొక స్థాయికి ఎదిగింది.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, అనువాదం వృత్తిగా పెట్టుకున్న నాకు ఈ ఆటలో కనిపించినది నా పనిలో నిత్యం ఎదురయ్యే సమస్యే. ఒక నవలలో 'ఆమె తలుపు తీసి అతనికి టీ ఇచ్చింది' అనే వాక్యం ఉన్నదనుకోండి. మాటలన్నీ తేలికే. కానీ ఆ దేశంలో, ఆ కాలంలో, ఆ వేళకు వచ్చిన అతిథికి టీ ఇవ్వడం ఆదరమా, వట్టి అలవాటా, లేక ఇక బయలుదేరమని చెప్పే మర్యాదా? ఆ సమాధానం నిఘంటువులో దొరకదు. ఆ లోకంలో కొంతకాలం కాపురముంటే గాని తెలియదు. పాత్ర ధరించేవారి పరిస్థితీ ఇంతే. కత్తి ఎలా తిప్పాలో నియమాల పుస్తకం చెబుతుంది. ఎప్పుడు ఒరలోనే ఉంచాలో ఆ లోకమే చెప్పాలి.

పొడుపుకథకున్న పవిత్రత

కల్పిత లోకాలన్నిటిలోనూ ఎక్కువమందికి పరిచయమున్నది జె.ఆర్.ఆర్. టోల్కీన్ సృష్టించిన 'మిడిల్ ఎర్త్'. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడైన టోల్కీన్ ప్రాచీన ఇంగ్లీషు భాషలో పండితుడు. 'ది హాబిట్' 1937లోనూ, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాలుగా 1954-55లలోనూ వెలువడ్డాయి. భాషలను కల్పించడం ఆయనకు చిన్ననాటి నుంచి ఉన్న వ్యసనం. ముందు భాషలు పుట్టాయి. ఆ భాషలు మాట్లాడేవారికి ఒక లోకం కావలసి వచ్చి కథలు పుట్టాయి అని ఆయనే చెప్పుకున్నాడు.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తొలి ముద్రణలలో టోల్కీన్ సృష్టించిన హాబిట్ జాతి ఆ పేరుతోనే కనిపించింది. హక్కుదారులు అభ్యంతరం చెప్పిన తర్వాత 'హాఫ్‌లింగ్' అని పేరు మార్చారు. యథార్థానికి ఆ ఆట తెచ్చుకున్నది పేరును, పొట్టి ఆకారాన్ని మాత్రమే. హాబిట్‌ను హాబిట్‌గా నిలిపే ఆచారాలు అందులోకి రాలేదు.

ఆ ఆచారాలు ఎటువంటివి? హాబిట్‌లు తమ పుట్టినరోజున కానుకలు పుచ్చుకోవడం కన్నా ఇతరులకు ఇవ్వడాన్ని ముఖ్యమనుకుంటారు. ఇంట్లో పనికిరాక, పారవేయడానికి మనసొప్పక పడి ఉన్న వస్తువులను వారు 'మాథమ్' అంటారు. అవి కానుకల రూపంలో ఇల్లిల్లూ తిరుగుతూ ఉంటాయి. మన ఇళ్ళలో పెళ్ళికి వచ్చిన గోడగడియారాలు, ఫ్లాస్కులు అట్టపెట్టె విప్పకుండానే మరొక పెళ్ళికి తరలిపోవడం తెలిసినవారికి ఈ మాట వివరించనక్కర లేదు. ఇప్పుడు హాబిట్ పాత్ర ధరించిన ఆటగాడు ఒకడు, ఈ సంగతి తెలిసి, శత్రుదేశంలో బందీగా ఉండి, ఆ రోజు తన పుట్టినరోజని గుర్తుకు తెచ్చుకుని, జేబులో మిగిలిన ఒక్క బొత్తామును కాపలావాడికి కానుకగా ఇచ్చాడనుకోండి. ఏ నియమాల పుస్తకమూ ఆ పని చేయమని చెప్పదు. ఆ ఒక్క చేష్టతో పాత్రకు ప్రాణం వస్తుంది. ఆ కాపలావాడికి కూడా ఒక ముఖం వస్తుంది.

టోల్కీన్ లోకంలో మరొక నియమమున్నది. పొడుపుకథల పోటీ అతి ప్రాచీనమైనది, పవిత్రమైనది. దుర్మార్గులు సైతం అందులో మోసం చేయడానికి జంకుతారు. ఇది తెలిసిన ఆటగాడికి, ఎదుట ఉన్న బలవంతుడిని కత్తితో గెలవలేనప్పుడు మరొక దారి దొరుకుతుంది: 'పొడుపుకథ విప్పుతావా?' అని సవాలు చేయవచ్చు. ఈ రహస్యం మన అవధానులకు బాగా తెలుసు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు అసంగతమైన పాదమొకటి ఇచ్చి ఇరుకున పెడతాడు. పురాణజ్ఞానం గల అవధాని ఎక్కడో భారతంలోని ఒక సందర్భాన్ని అందుకుని, ఆ అసంగతమే సంగతమయ్యేట్టు పద్యం పూరిస్తాడు. ఆయనకు దారి చూపినది ఛందస్సు ఒక్కటే కాదు, ఆ పురాణలోకంతో ఏళ్ళ తరబడి చేసిన సహవాసం కూడా.

మిడిల్ ఎర్త్ ఆధారంగా 1984లో ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ సంస్థ ఒక ఆటను ప్రచురించింది. 2011లో వచ్చిన 'ది వన్ రింగ్' అనే ఆట మరికొంత ముందుకు వెళ్ళింది. అందులో పాత్రకు ఉండే నిధులలో ప్రధానమైనది 'ఆశ'. దానిని ఖర్చు చేసి కష్టాలను దాటవచ్చు. క్రూరకార్యాలు చేసినా, చీకటి స్థలాలలో తిరిగినా మనసు మీద 'నీడ' పేరుకుంటుంది. బంగారం లెక్కలతో మొదలైన ఆటలో ఆశకు లెక్క కట్టడం టోల్కీన్ లోకాన్ని లోతుగా చదివినవారికి మాత్రమే తట్టే ఆలోచన.

ఒడ్డున దిగిన పరదేశి

లోతైన లోకానికి ఒక ఇబ్బంది ఉన్నది. లోపల ఉన్నదంతా నేర్చుకునే దాకా ఆడరాదంటే కొత్తవారెవరూ గడప తొక్కరు. ఈ చిక్కుకు చక్కని పరిష్కారం ఒక భాషాశాస్త్రవేత్త చేతిలో దొరికింది.

ఎం.ఎ.ఆర్. బార్కర్ అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా అధ్యయనాలు బోధించిన ఆచార్యుడు. 1929లో జన్మించి 2012లో మరణించాడు. 1951లో ఫుల్‌బ్రైట్ విద్యార్థిగా భారతదేశానికి వచ్చి ఇక్కడి భాషలను పరిశోధించాడు; ఆ కాలంలోనే ఇస్లాం స్వీకరించాడు. ఉర్దూ, బలూచీ భాషలు నేర్చుకునేవారి కోసం ఆయన ఇతరులతో కలిసి తయారుచేసిన పాఠ్యగ్రంథాలు 1960లలో వెలువడ్డాయి. అమెరికా ఆదివాసుల భాష అయిన క్లామత్‌కు వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చినదీ ఆయనే. ఇంత విద్వత్తు గల మనిషి బాల్యం నుంచీ మనసులో పెంచుకుంటూ వచ్చిన లోకం పేరు టేకుమెల్. 1975లో అది 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ త్రోన్' అనే ఆటగా అచ్చయింది.

టేకుమెల్‌లో యూరప్ కోటలూ గుర్రాల మీది నైట్‌లూ లేరు. దాని రంగూ రుచీ దక్షిణాసియావి, ప్రాచీన మధ్య అమెరికావి. అక్కడ ఇనుము అరుదు. కవచాలను చ్లేన్ అనే మృగం తోలును ప్రత్యేకంగా పదును చేసి తయారుచేస్తారు. మనిషికి గుర్తింపు తన వంశసమూహం వల్లనే కలుగుతుంది. స్థైర్యానికి అధిష్ఠాతలైన దేవతలు కొందరు, పరివర్తనకు అధిష్ఠాతలు కొందరు. త్సోల్యాను సామ్రాజ్యపు భాషలో ఎదుటి మనిషిని సంబోధించడానికి, అతని హోదాను బట్టి, అనేక సర్వనామాలున్నాయి. తప్పుగా పిలిస్తే అవమానం. అవమానానికి ఖరీదు ఉంటుంది.

ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి ఇది వింతగా తోచవచ్చు. వారికున్నది 'యూ' ఒక్కటే. 'నువ్వు', 'మీరు', 'తమరు' మధ్య ఎంత దూరమున్నదో మనకు పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషు నవలలో భార్యాభర్తలు 'యూ' అనుకుంటుంటే తెలుగులో ఏమనిపించాలి? ఇద్దరు మిత్రులు ఏ పేజీలో 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగుతారు? అనువాదకులకు ఇవి నిద్రపట్టనివ్వని ప్రశ్నలు. టేకుమెల్ ఆటలో ఇవి ఆటగాళ్ళ ప్రాణాల మీదికి వచ్చే ప్రశ్నలు.

ఇంతటి లోకంలోకి కొత్తవారిని బార్కర్ ఎలా తీసుకువచ్చాడు? ఆటగాళ్ళ పాత్రలు ఆ సామ్రాజ్యపు పౌరులు కారు. వారు ఎక్కడి నుంచో చిన్న పడవలో వచ్చి జకల్లా అనే రేవుపట్నంలో దిగిన పరదేశీయులు. విదేశీయుల కోసం కేటాయించిన పేటలోనే ఉండాలి. పిలుపు లేనిదే పట్నంలోకి పోరాదు. ఆటగాడికి తెలియనిది పాత్రకూ తెలియదు. పాత్ర ఒక్కొక్క ఆచారం నేర్చుకుంటుంటే ఆటగాడూ నేర్చుకుంటాడు. అజ్ఞానం లోపంగా మిగలక కథకు ఆరంభమైంది. పాఠ్యపుస్తకాలు రాసిన చేతికి పాఠక్రమం తెలియడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే కథ, రెండు సాక్ష్యాలు

మనం మొదట చూసిన ప్రాక్స్ ఎడారి గల గ్లోరాంతా జగత్తును గ్రెగ్ స్టాఫర్డ్ 1966లో, కళాశాల విద్యార్థిగా ఉన్నప్పుడు కల్పించడం మొదలుపెట్టాడు. 1975లో కేయోసియం అనే సంస్థ స్థాపించి ఆ జగత్తు మీద ఒక యుద్ధక్రీడను ప్రచురించాడు. 1978లో అదే సంస్థ నుంచి 'రూన్‌క్వెస్ట్' అనే పాత్రధారణ క్రీడ వచ్చింది. స్టాఫర్డ్ 2018లో కన్నుమూసేనాటికి ఆ జగత్తుకు అర్ధశతాబ్దం దాటింది.

గ్లోరాంతాకు ప్రాణం పురాణగాథలు. అక్కడ భూమి గుండ్రంగా లేదు, సూర్యుడు వాయుగోళం కాదు; ఆయన యెల్మ్ అనే చక్రవర్తి. తుపాను దేవుడైన ఒర్లాంత్ ఆయనను చంపాడు. లోకం చీకటైంది. చివరకు ఒర్లాంతే సహచరులతో పాతాళానికి వెళ్ళి, చేసిన పనికి బాధ్యత వహించి, సూర్యుడిని తిరిగి తీసుకువచ్చాడు. అప్పటి నుంచి కాలం మొదలైంది.

కొండల్లో ఉండే ఒర్లాంత్ భక్తులను అడిగితే యెల్మ్ నియంత అనీ, అతడిని ఎదిరించడం న్యాయమనీ అంటారు. మైదానంలోని సూర్యోపాసకులను అడిగితే ఒర్లాంత్ రాజద్రోహి అనీ, అతడి వల్లనే లోకం భ్రష్టమైందనీ అంటారు. రచయిత ఎవరి పక్షమూ తీర్పు చెప్పడు. అందువల్ల గ్లోరాంతా గురించి తెలుసుకోవడమంటే తేదీలూ పేర్లూ వల్లించడం కాదు. ఎవరి ఇంట్లో ఈ కథను ఎలా చెప్పుకుంటారో తెలుసుకోవడం.

ఆ జ్ఞానం నేరుగా ఆటలో పనికివస్తుంది. గ్లోరాంతాలో ఒక మనిషి, క్రతువు ద్వారా దేవతల కాలంలో ప్రవేశించి, ఒకప్పుడు తన దేవుడు నడిచిన దారినే నడిచి, శక్తిని సంపాదించుకుని రావచ్చు. గాథలోని ఘట్టాలు తెలిసి ఉండాలి. ఎక్కడ దేవుడు పోరాడాడో, ఎక్కడ తలవంచాడో, ఎక్కడ తన ఆయుధాన్ని వదిలేశాడో మరచినవాడు దారి తప్పుతాడు. 1999లో వచ్చిన 'కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్' అనే కంప్యూటర్ క్రీడలో కూడా ఇదే పద్ధతి పెట్టారు: గాథను శ్రద్ధగా చదివి గుర్తుంచుకున్నవారికే ఆ యాత్ర ఫలిస్తుంది.

ఈ జ్ఞానాన్ని కొత్తవారికి అందించడానికి 1988లో కేయోసియం రూపొందించిన 'జెనర్టెలా' పెట్టెలో ఒక ముచ్చటైన ఉపాయం ఉన్నది. ఒక్కొక్క జాతి గురించి పండితుడు రాసిన వ్యాసం ఇవ్వడంతో సరిపెట్టక, ఆ జాతి పెద్ద ఒకరు పిల్లవాడి ప్రశ్నలకు చెప్పే జవాబులు ఇచ్చారు. మనం ఎవరం? మన గొప్ప ఏమిటి? మనం ఎలా బతుకుతాం? మనల్ని ఎవరు పాలిస్తారు? చెడు అంటే ఏమిటి? మన శత్రువులెవరు? మన దేవుళ్ళెవరు? ప్రశ్నలు అవే, జాతిజాతికీ జవాబులు వేరు. ఆ జవాబుల్లో ప్రేమ ఉంటుంది, గర్వం ఉంటుంది, ఇరుగుపొరుగు మీద పక్షపాతమూ ఉంటుంది. నాలుగు పేజీలు చదివితే ఆటగాడు ఆ జాతి బిడ్డలా మాట్లాడగలుగుతాడు. నాలుగు వందల పేజీల విజ్ఞానసర్వస్వం చేయలేని పని అది.

ముగింపు తెలిసినా...

పాఠకులకు ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. లోకమంతా ముందే తెలిసిపోతే ఆటలో ఉత్కంఠ ఏమున్నది?

దీనికి జవాబు కూడా స్టాఫర్డే చూపించాడు. 1985లో ఆయన 'పెండ్రాగన్' అనే ఆటను రచించాడు. అది పదిహేనవ శతాబ్దంలో టామస్ మాలరీ కూర్చిన ఆర్థర్ రాజు కథల మీద ప్రధానంగా ఆధారపడినది. ఆటగాళ్ళు నైట్‌ల పాత్రలు ధరిస్తారు. సాధారణంగా ఏడాదికి ఒక సాహసం. చలికాలం రాగానే ఇల్లు చేరడం, పంట లెక్కలు, పెళ్ళి, బిడ్డలు. నైట్ ముసలివాడై మరణిస్తే అతని వారసుడు కథను అందుకుంటాడు. ప్రతి పాత్రకూ దయ-క్రౌర్యం, వినయం-గర్వం వంటి పదమూడు జతల గుణాలుంటాయి. ఒక్కొక్క జతలోని రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ ఇరవై. దయ పెరిగితే క్రౌర్యం తరుగుతుంది.

ఆర్థర్ రాజ్యం కూలిపోతుందనీ, క్యామ్లాన్ యుద్ధంలో రాజు నేలకొరుగుతాడనీ బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివారికీ తెలుసు. రాణి గ్వినవిర్ లాన్సలాట్‌ను తొలిసారి చూసే ఘట్టం వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడరు. ఏం జరగబోతున్నదో తెలిసిన మౌనం అది. తన నైట్ ఆనాడు ఎవరి పక్షాన నిలుస్తాడు, వంశగౌరవాన్ని ఎవరికి అప్పగించి పోతాడు అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఉత్కంఠ అక్కడున్నది.

ఇది మన పద్యనాటకాల ప్రేక్షకుడికి కొత్త సంగతి కాదు. తిరుపతి వేంకట కవుల రాయబారం నాటకానికి వెళ్ళినవారిలో శ్రీకృష్ణుడి రాయబారం విఫలమవుతుందని తెలియనివారెవరు? తెలిసే తెల్లవారుజాము దాకా కూర్చున్నారు. తెలిసినందువల్లనే ప్రతి పద్యమూ బరువెక్కింది.

తాళంచెవి, తాళం

ఇంత చెప్పిన తర్వాత రెండవ పక్షం కూడా చెప్పాలి. జ్ఞానం తలుపు తెరిచినట్టే తలుపు మూయగలదు. ప్రతి బల్ల దగ్గరా ఒక పండితుడు తయారవుతాడు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఉత్సాహంగా 'నా యోధురాలు నదిని ఈదుతుంది' అనగానే, 'ఆ నదిలో నీళ్ళుండవు, ఫలానా పుస్తకం చూడు' అంటాడు. అమ్మాయి తర్వాతి వారం రాదు. పండితుడి మాట నిజమే కావచ్చు. కానీ ఎండిన నది ఒడ్డున ఆ యోధురాలు ఏం చేస్తుందో ఆ బల్లకు ఇక ఎన్నటికీ తెలియదు.

స్టాఫర్డ్ ఈ ప్రమాదాన్ని గుర్తించాడు. మీ బల్ల మీది గ్లోరాంతా నా గ్లోరాంతాకు భిన్నంగా ఉంటుందనే సూత్రాన్ని ఆయన అభిమానులకు పదేపదే గుర్తుచేసేవాడు. లోకాన్ని సృష్టించినవాడే తాళంచెవి అందరికీ పంచిపెట్టాడన్నమాట. తెలిసినవాడు తెలియనివాడికి చేయవలసిన సాయం సవరించడం కాదు, ఒక ప్రశ్న అందించడం. 'ఆ నది ఎండిపోయి ఉంది. మీ ఊరివారు అది ఎందుకు ఎండిందని చెప్పుకుంటారు?' అని అడిగితే అదే జ్ఞానం కొత్త కథకు విత్తనమవుతుంది.

ఇంకొక కఠినమైన సంగతి ఉన్నది. లోకాన్ని లోతుగా తెలుసుకోవడంలో లోకకర్తను తెలుసుకోవడమూ ఒక భాగమే. బార్కర్ మరణించిన పదేళ్ళకు, 2022లో, ఆయన రచనలను పరిరక్షిస్తున్న టేకుమెల్ ఫౌండేషన్ ఒక వాస్తవాన్ని బహిరంగంగా అంగీకరించింది. 1991లో మారుపేరుతో అచ్చయిన, నాజీ భావజాలాన్ని సమర్థించే ఒక నవలను రాసినది ఆయనే. ఇన్ని జాతుల భాషలను ప్రేమతో అభ్యసించిన మనిషి ఆ విషాన్ని కూడా మనసులో మోశాడు. ఈ రెండింటినీ పొందుపరచడం ఎవరికీ సులభం కాదు. ఆ లోకాన్ని ఇక ముట్టరాదన్నవారి బాధ న్యాయమైనదే. సంగతి దాచకుండా చెప్పి, తెలిసి చదవాలనేవారి మాటలోనూ విలువ ఉన్నది. నా మటుకు నేను రెండవ పక్షం. ఒక గ్రంథాన్ని అనువదించేటప్పుడు కర్త జీవితంలోని చీకటిని పీఠికలో చెప్పడం పాఠకుడికి మనం చెల్లించవలసిన రుణమని నమ్ముతాను. అందంగా ఉన్నదాన్ని మెచ్చుకుంటూ, అది ఎవరి చేతి నుంచి వచ్చిందో మరవకుండా ఉండటం పెద్దవాళ్ళ చదువు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మన ఉపఖండపు లోకాలు కూడా ఈ బల్లల మీదికి వస్తున్నాయి. 2022లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురణకర్తలు వెలువరించిన ఒక సంకలనంలో, కోల్‌కతాలో పుట్టిన రచయిత్రి మిమీ మండల్ వంగదేశపు ఛాయలతో శంఖభూమి అనే నదీప్రాంతాన్ని చిత్రించారు. బెంగాలు నదుల ఒడ్డున పెరిగిన పాఠకుడు అందులో కనిపెట్టే సూక్ష్మాలు పరాయివారికి వివరణలతో గాని అందవు. ఇప్పుడు ఒడ్డున దిగిన పరదేశి మరెవరో!

ఈ ఆటను ప్రయత్నించదలచినవారు మొదటే లావుపాటి గ్రంథాలు కొననక్కర లేదు. ఒక లోకాన్ని ఎంచుకోండి. అది టోల్కీన్‌ది కావచ్చు, చిన్నప్పుడు మీరు విన్న జానపద కథలది కావచ్చు. ఒక్కొక్క సాయంత్రం ఒక్క ఆచారాన్ని మాత్రం బల్ల మీదికి తీసుకురండి: వారు అతిథికి ముందుగా ఏం పెడతారు, చనిపోయినవారిని ఎలా సాగనంపుతారు, ఏ మాట ఇస్తే తప్పరు. ఆ ఆచారం ఎవరో ఒకరి ఇష్టానికి అడ్డుపడే సన్నివేశం కల్పించండి. ఆ తర్వాత కథ తానే నడుస్తుంది.

దానికి ముందు చిన్న అభ్యాసమొకటి చేసి చూడండి. ఆ గ్లోరాంతా పిల్లవాడి ప్రశ్నలను మీ ఇంట్లో పెద్దలను అడగండి. మనం ఎవరం? మన గొప్ప ఏమిటి? చెడు అంటే ఏమిటి? మనం ఎవరితో మాట్లాడం, ఎందుకు? వారు చెప్పే జవాబుల్లో మీరు అంతవరకు వినని కథ ఒకటైనా తప్పక ఉంటుంది. కల్పిత లోకాలలో తెలిసి నడవడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠశాల లేదు.